క్లోరిన్ చవక, ట్యాంకర్ ఖరీదు

మార్చి నెల వచ్చిందంటే హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో పార్కింగ్ గొడవ కాస్త పక్కకు జరుగుతుంది. ఆ చోటును స్విమ్మింగ్ పూల్ ఆక్రమిస్తుంది. పచ్చబడిన నీళ్ల ఫొటో ఒకరు పెడతారు, పిల్లాడి కళ్లు ఎర్రబడ్డాయని ఇంకొకరు, మెయింటెనెన్స్ డబ్బులు ఏమవుతున్నాయని మరొకరు. అసోసియేషన్ కమిటీ కొటేషన్లు తెప్పిస్తుంది. ఒకరు టీసీసీఏ టాబ్లెట్ల డ్రమ్ము ధర పంపుతారు, ఒకరు బ్లీచింగ్ పౌడర్ బస్తా ధర, ఇంకొకరు ద్రవరూపంలో ఉండే సోడియం హైపోక్లోరైట్, అంటే హైపో, క్యాన్ ధర. కోశాధికారి మూడింటినీ ఎక్సెల్ షీటులో పెట్టి, కిలోకు ఏది తక్కువైతే దానికి టిక్కు కొడతాడు. ఆ షీటులో తప్పు మొదటి గడిలోనే ఉంది.

పాల కేంద్రానికి బర్రె పాలు పోసే ఏ రైతునడిగినా ఆ తప్పేమిటో చెబుతాడు. అక్కడ లీటర్లు చూసి డబ్బులివ్వరు. వెన్న శాతం చూస్తారు. నీళ్లపాలకూ చిక్కటి పాలకూ ఒకే ధర కట్టే కేంద్రం వారం తిరక్కుండా దివాలా తీస్తుంది. పూల్ మందుల విషయంలో చదువుకున్న కమిటీలు చేస్తున్నది సరిగ్గా ఆ పనే. కొనాల్సిన సరుకు క్లోరిన్ అయితే, వీళ్లు బస్తాలు కొంటున్నారు.

టీసీసీఏలో, అంటే ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్‌లో, పనికొచ్చే క్లోరిన్ 90 శాతం. కాల్షియం హైపోక్లోరైట్ గుళికల్లో 65 నుంచి 70. మున్సిపాలిటీ వాళ్లు వానాకాలం కాలువల పక్కన చల్లే, భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో వాడే మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో 33 దాకా. సోడియం హైపో క్యాన్‌లో ఫ్యాక్టరీ నుంచి బయల్దేరినప్పుడు 10, 12 శాతం. కాబట్టి ఒక కిలో క్లోరిన్ నీళ్లలో పడాలంటే టీసీసీఏ 1.1 కిలో, గుళికలైతే కిలోన్నర, బ్లీచింగ్ పౌడర్ మూడు కిలోలు, పదిశాతం హైపో అయితే పది లీటర్లు కావాలి. షాపువాడు చెప్పిన ధరను ఈ అంకెతో గుణిస్తే అసలు ధర తేలుతుంది.

లెక్క అర్థం కావడానికి కొన్ని ధరలు ఊహించుకుందాం. మార్కెట్ ధరలని పట్టుకోవద్దు, ఎవరి ఊళ్లో ధర వారు వేసుకోవచ్చు. టీసీసీఏ కిలో 200 రూపాయలైతే అందులోని క్లోరిన్ కిలో 220 పడుతుంది. హైపో లీటరు 15 అయితే క్లోరిన్ కిలో 150. బ్లీచింగ్ పౌడర్ కిలో 40 అయితే 120. ఈ దశలో బ్లీచింగ్ పౌడర్ గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ దాంట్లో సగానికి పైగా ఉన్నది సున్నం, మడ్డి. ఊరి నీళ్ల ట్యాంకులో కలిపే పంచాయతీ మనిషి దాన్ని బకెట్‌లో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పై తేట మాత్రమే పోస్తాడు. పూల్‌లో ఆ ఓపిక ఎవరికీ ఉండదు. పొడి నేరుగా చల్లేస్తారు. నీళ్లు పాలలా మారతాయి, ఫిల్టర్‌లోని ఇసుకకు సున్నం పడుతుంది, ఆ ఫిల్టర్‌ను కడగడానికి మళ్లీ నీళ్లు పోస్తారు. బ్లీచింగ్ పౌడర్ పోటీలోంచి అక్కడే తప్పుకుంటుంది. దాని చోటు రొయ్యల చెరువు, పంచాయతీ ట్యాంకు.

మిగిలిన పోటీ టాబ్లెట్‌కూ క్యాన్‌కూ మధ్య. దీన్ని తేల్చేది ఎండ.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు క్లోరిన్ నిలవదు. మబ్బులేని మధ్యాహ్నం, ఏ రక్షణా లేని నీళ్లలో వేసిన క్లోరిన్‌లో సగం ఒక గంటలోపే ఎగిరిపోతుంది. రెండు మూడు గంటలు గడిస్తే మిగిలేది నామమాత్రం. పొద్దున ఎనిమిదింటికి పూల్ ఆపరేటర్ వేసిన మందు, పిల్లలు బడినుంచి వచ్చి దూకే వేళకు ఉండదు. ఈ నష్టాన్ని ఆపేదే స్టెబిలైజర్. దుకాణం పేరు కండిషనర్, రసాయనం పేరు సయనూరిక్ యాసిడ్. క్లోరిన్‌ను అది పట్టుకుని ఉంచి, ఎండకు దొరక్కుండా కాస్తుంది. నీళ్లలో క్రిములు, చెమట క్లోరిన్‌ను ఖర్చుచేస్తున్న కొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. పది లక్షల పాళ్ల నీటికి 30 నుంచి 50 పాళ్లు, అంటే 30 నుంచి 50 పీపీఎం ఉంటే ఆరుబయటి పూల్‌కు చాలు.

టీసీసీఏ అమ్మేవాళ్ల బలమంతా ఇక్కడుంది. ఆ టాబ్లెట్‌లో స్టెబిలైజర్ ముందే కలిసి వస్తుంది. బరువులో సగానికి కాస్త పైన సయనూరిక్ యాసిడే. క్లోరిన్ కొంటే స్టెబిలైజర్ ఉచితం అన్నట్టు. తేలుతూ తిరిగే చిన్న డబ్బాలో నాలుగు బిళ్లలు పడేస్తే వారమంతా మెల్లగా కరుగుతాయి. ఆపరేటర్‌కు పని లేదు, క్యాన్లు మోయక్కర్లేదు, ప్యాంటు మీద మచ్చలు పడవు. నిజంగానే మొదటి నెల అంతకన్నా మంచి బేరం లేదు.

చిక్కల్లా రెండో నెలతోనే. క్లోరిన్ రోజూ ఖర్చవుతుంది, సయనూరిక్ యాసిడ్ ఖర్చవదు. ఎండకు ఆవిరవదు, ఫిల్టర్‌లో చిక్కదు. నీళ్లు ఆవిరైతే అది ఇంకాస్త చిక్కనవుతుంది. ఈతగాళ్ల ఒంటిమీద నీళ్లతోనో, ఫిల్టర్ కడిగిన నీళ్లతోనో కాస్తంత బయటికి పోతుంది తప్ప మిగతాదంతా పేరుకుంటూనే ఉంటుంది.

లక్ష లీటర్ల పూల్ తీసుకుంటే లెక్క నోటితో చేయవచ్చు. అందులో వంద గ్రాములు వేస్తే ఒక పీపీఎం. ఎండాకాలం రోజుకు మూడు పీపీఎం క్లోరిన్ కావాలనుకుంటే 300 గ్రాములు, అంటే టీసీసీఏ 333 గ్రాములు. నెలకు పది కిలోలు. ఆ పది కిలోలతో పాటు ఐదున్నర కిలోల సయనూరిక్ యాసిడ్ కూడా నీళ్లలో పడింది. అది 55 పీపీఎం. కావలసిన 30, 50 మొదటి నెలలోనే దాటిపోయింది. ఏప్రిల్, మే కలిపితే 110.

సయనూరిక్ యాసిడ్ పెరిగినకొద్దీ క్లోరిన్ బద్ధకిస్తుంది. హార్వర్డ్ పరిశోధకులు ఓబ్రయన్, మోరిస్, బట్లర్ 1974లో ఈ రెండింటి మధ్య సమతుల్యతను లెక్కగట్టారు. పూల్ నీళ్ల రసాయనం తెలిసినవాళ్లు నేటికీ ఆ లెక్కలనే వాడుతున్నారు. వాటి ప్రకారం స్టెబిలైజర్ లేని నీళ్లలో, పీహెచ్ ఏడున్నర దగ్గర, క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. స్టెబిలైజర్ మామూలు మోతాదులో ఉన్నప్పుడే ఆ వాటా నూటికి ఒకటి రెండు పాళ్లకు పడిపోతుంది. అది ఆరుబయట తప్పని రాజీ, సరిపోతుంది కూడా. స్టెబిలైజర్ నూటపది అయ్యాక మాత్రం టెస్ట్ కిట్‌లో క్లోరిన్ మూడు కనిపిస్తూనే ఉంటుంది, నీళ్లు పచ్చబడుతూనే ఉంటాయి.

ఇక అప్పుడు మొదలవుతుంది అసలు ఖర్చు. నీళ్లు పచ్చబడ్డాయి కాబట్టి ఆపరేటర్ ఇంకో రెండు టాబ్లెట్లు వేస్తాడు. అంటే ఇంకాస్త సయనూరిక్ యాసిడ్. పని జరక్కపోతే మైలతుత్తం వేస్తాడు, పటిక వేస్తాడు, నాచు మందు సీసా తెప్పిస్తాడు. ప్రతిదానికీ బిల్లుంటుంది. రోగం ఒకటైతే మందు ఇంకోటి. తప్పు అతనిది కూడా కాదు. అతని చేతికి కమిటీ ఇచ్చిన కిట్‌లో రెండు సీసాలుంటాయి. ఒకటి వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరిగి క్లోరిన్ ఎంతో చెబుతుంది, రెండోది ఎర్రబడి పీహెచ్ చెబుతుంది. సయనూరిక్ యాసిడ్ సంగతి ఆ కిట్‌కు తెలియదు. దానికి వేరే పరీక్ష ఉంది. మెలమిన్ కలిపితే నీళ్లు తెల్లగా మబ్బుపడతాయి, గాజు గొట్టం అడుగున నల్లచుక్క కనబడకుండా పోయే మట్టం చూసి అంకె చదువుతారు. ఐదు నిమిషాల పని. మందుకు వేలకు వేలు ఖర్చుపెట్టే కమిటీలు ఈ కిట్ దగ్గర మాత్రం పిసినారితనం చూపిస్తాయి.

పేరుకున్న సయనూరిక్ యాసిడ్‌ను తగ్గించడానికి మామూలు పూల్‌కు ఉన్న నమ్మకమైన దారి ఒకటే, నీళ్లు తోడి పారబోయడం. 110 నుంచి 55కు రావాలంటే సగం నీళ్లు మార్చాలి. లక్ష లీటర్లలో సగం యాభై వేలు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పది. మే నెలలో ట్యాంకర్ వెయ్యి రూపాయలనుకున్నా పదివేలు. రెండు నెలల టీసీసీఏ ధర, పైన ఊహించుకున్న లెక్కన, నాలుగువేలు మించదు. మందుకన్నా మందు విరుగుడుకు రెండున్నర రెట్లు.

డబ్బులకు ఓర్చుకున్నా నీళ్లు దొరకాలి కదా. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని స్విమ్మింగ్ పూల్స్‌కు వాడటాన్ని నిషేధించి, ఉల్లంఘిస్తే ఐదువేల రూపాయల జరిమానా అంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల ధరలకు ప్రభుత్వమే పరిమితి పెట్టాల్సి వచ్చిన వేసవి అది. వైట్‌ఫీల్డ్‌లో, మారతహళ్లిలో అపార్ట్‌మెంట్లు కొనుక్కున్న వేలమంది తెలుగువాళ్లు స్నానానికి బకెట్లు లెక్కపెట్టుకున్న రోజులు. అలాంటి ఏడాదిలో సయనూరిక్ యాసిడ్ ఎక్కువైంది, యాభై వేల లీటర్లు పారబోద్దాం అని ఏ కమిటీ ప్రెసిడెంటైనా మీటింగులో అనగలడా?

చిన్న తప్పుకు నీళ్లు పారబోయాల్సి రావడం ఒలింపిక్స్‌కే తప్పలేదు. 2016లో రియోలో డైవింగ్ పూల్ రాత్రికి రాత్రి పచ్చబడింది. ప్రపంచమంతా టీవీల్లో చూసి నవ్వుకుంది. ఆరా తీస్తే ప్రారంభోత్సవం రోజున ఓ కాంట్రాక్టర్ 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడని, అది క్లోరిన్ పనిచేయకుండా చేసిందని బయటపడింది. సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ జరగాల్సిన పక్క పూల్‌లో నీళ్లను బాగుచేసే వ్యవధి లేక, ముప్పై ఏడు లక్షల లీటర్ల దాకా తోడేసి, సాధన పూల్‌లోని నీళ్లు తెచ్చి నింపారు. అక్కడ స్టెబిలైజర్ దోషం ఏమీ లేదు. ఎనభై లీటర్ల మందు ఎన్ని లక్షల లీటర్ల నీటిని మింగగలదో చెప్పడానికి ఆ ఉదంతం పనికొస్తుంది.

ఆరోగ్యం మాట కూడా ఉంది. పూల్‌లో పసిపిల్లలు విరేచనం చేసుకోవడం అరుదేమీ కాదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు క్లోరిన్‌కు రోజుల తరబడి లొంగదు. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ చెప్పే పద్ధతి ప్రకారం క్లోరిన్‌ను 20 పీపీఎంకు పెంచి పన్నెండు ముప్పావు గంటలు ఉంచాలి. అయితే ఆ లెక్క స్టెబిలైజర్ లేని నీళ్లది. స్టెబిలైజర్ ఉంటే అది 15 పీపీఎం దాటకూడదు, దాటితే ముందు నీళ్లు మార్చి దించుకోవాలి. అంతెందుకు, మామూలు రోజుల్లోనే స్టెబిలైజర్ వాడని పూల్‌లో క్లోరిన్ కనీసం ఒక పీపీఎం చాలంటుంది ఆ సంస్థ, వాడే పూల్‌లో రెండు ఉండాలంటుంది. క్లబ్‌హౌస్ లోపల, పైకప్పు కింద ఉండే పూల్‌కు ఎండే తగలదు. దానికి టీసీసీఏ వాడటం ఇంట్లో గొడుగు వేసుకుని కూర్చోవడమే. వాడే చోట్లు తక్కువేం లేవు.

అలాగని క్యాన్ పాటలు పాడక్కర్లేదు. సోడియం హైపోకు దాని అవలక్షణాలు దానికున్నాయి. అది కూరగాయలాంటిది, నిల్వ ఉంటే వాడిపోతుంది. ఎండలో, పంపు గది రేకుల కింద నలభై డిగ్రీల వేడిలో పడివున్న క్యాన్‌లో శాతం వారవారం పడిపోతుంది. పదిశాతమని కొన్నది ఆరుకు దిగితే రోజూ మూడు లీటర్లు పోయాల్సిన చోట ఐదు లీటర్లు పోయాలి. అప్పుడు లీటరు 15 అనుకున్న హైపోలో క్లోరిన్ కిలో 150 కాస్తా 250 అవుతుంది. టాబ్లెట్‌నే మించిపోతుంది. క్యాన్ మీద తయారీ తేదీ చూడకుండా, వేసవిలో రెండు నెలల సరుకు ఒకేసారి డిస్కౌంటుకు తెప్పించుకునే కమిటీకి హైపో కూడా గుదిబండే. వారానికో పదిరోజులకో తాజా సరుకు ఇచ్చే సప్లయర్ దగ్గర్లో ఉంటేనే ఆ బేరం.

కాల్షియం హైపో గుళికలు నిల్వకు బాగుంటాయి, స్టెబిలైజర్ పెంచవు. కానీ క్లోరిన్ పది పీపీఎం ఇస్తే నీళ్ల కాఠిన్యం ఏడు పీపీఎం పెంచుతాయి. రోజుకు మూడు చొప్పున నెలకు అరవైకి పైన. గోదావరి నీళ్లో కృష్ణా నీళ్లో పైపుల్లో వచ్చే చోట అది పెద్ద లెక్క కాదు. హైదరాబాద్ శివార్లలో వెయ్యి అడుగుల బోరు నీళ్లతో, ట్యాంకర్ నీళ్లతో నిండే పూల్స్‌లో కథ వేరు. గీజర్ కాయిల్‌కు, షవర్ చిల్లులకు పట్టే తెల్లటి ఉప్పు ఆ ఇళ్లవాళ్లకు కొత్తేం కాదు. పూల్ టైల్స్‌కు పట్టేదీ అదే.

టీసీసీఏ ధర మన కమిటీ చేతుల్లోగానీ, ఊరి సప్లయర్ చేతుల్లోగానీ లేదు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం చైనా, జపాన్ల నుంచి వచ్చే ఈ సరుకుపై ఐదేళ్లపాటు టన్నుకు 276 నుంచి 986 డాలర్ల దాకా యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అప్పటి మారకం రేటులో కిలోకు సుమారు ఇరవై నాలుగు నుంచి ఎనభై ఐదు రూపాయల వరకు. దేశీయ తయారీదారుల గోడు విన్నారు, బాగుంది. ఆ భారం మాత్రం టాబ్లెట్ల డ్రమ్ము మీదికే ఎక్కుతుంది.

అమెరికా తెలుగువాళ్లు ఈ దెబ్బ ముందే తిన్నారు. డాలస్, హ్యూస్టన్ శివార్లలో ఇంటి వెనక పూల్ ఉన్న కుటుంబాలకు టీసీసీఏ టాబ్లెట్ల బకెట్టు నెలవారీ సరుకుల్లో ఒకటి. 2020 ఆగస్టు 27న లూసియానాలోని లేక్ చార్లెస్ పక్కన, హరికేన్ లారా తాకిన రోజున, బయోల్యాబ్ సంస్థ టీసీసీఏ ఫ్యాక్టరీ తగలబడిపోయింది. దేశంలో ఆ సరుకు తయారుచేసేవి వేళ్లమీద లెక్కపెట్టేన్నే. పైగా కరోనా కాలం, ఇంటిపట్టున ఉన్న జనం కొత్త పూల్స్ తవ్వించుకుంటున్నారు. మరుసటి వేసవికి బకెట్ల ధరలు ఎగబాకాయి, దుకాణాల్లో మనిషికి ఇన్నేనని పరిమితులు పెట్టారు. టాబ్లెట్లు తప్ప వేరే దారి తెలియనివాళ్లు అడిగినంత ఇచ్చారు. క్యాన్ క్లోరిన్ వాడటం తెలిసినవాళ్లకు పెద్దగా నొప్పి తెలియలేదు. 2024 సెప్టెంబర్ 29న అదే సంస్థకు జార్జియాలోని కన్యర్స్‌లో ఉన్న కేంద్రంలో మళ్లీ ప్రమాదం. నిల్వ ఉన్న రసాయనం నీళ్లకు తడిసి పొగలు కక్కడంతో పదిహేడు వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు. అట్లాంటాకు అది మరీ దూరమేమీ కాదు.

తడిస్తే పొగలు కక్కే సరుకు మన సెల్లార్లలో ఎలా ఉంటోందో కమిటీ సభ్యులు ఒకసారి దిగి చూడాలి. టీసీసీఏ డ్రమ్ము పక్కనే కాల్షియం హైపో డబ్బా, పైన యాసిడ్ సీసా, రెండింటికీ ఒకటే గరిటె. టీసీసీఏ, కాల్షియం హైపో పొడులు కలిస్తే మంటలు లేస్తాయి, పేలతాయి కూడా. హైపోలో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. సరుకు మార్చినప్పుడు పాత గరిటె, పాత డబ్బా పారేయడానికి అయ్యే ఖర్చు వంద రూపాయలు.

ఇంతకీ ఏది కొనాలి? టీసీసీఏను ఏడాది పొడవునా వాడే కాంట్రాక్టు ఆరుబయటి పూల్‌కు నష్టపు బేరం, దాని ధర ఎంత తగ్గినా సరే. కొత్త నీళ్లు నింపిన మొదటి రెండు మూడు వారాలు టాబ్లెట్లు వాడి, స్టెబిలైజర్ ముప్పై నలభైకి చేరగానే ఆపి, తాజా హైపోకు మారడం అన్నిటికన్నా చవక. మొదటినుంచీ హైపోనే వాడాలనుకుంటే సయనూరిక్ యాసిడ్ విడిగా మూడు కిలోలు కొంటే లక్ష లీటర్లకు ముప్పై పీపీఎం వచ్చేస్తుంది. అది త్వరగా కరగదు. పాత సాక్సులో పోసి, నీళ్లు తిరిగి వచ్చే గొట్టం ముందు రెండు మూడు రోజులు వేలాడదీయాలి. కమిటీ ఊరెళ్లే రోజులు, ఆపరేటర్ పండక్కి సెలవు పెట్టిన వారం, అప్పుడు మళ్లీ టాబ్లెట్లు బయటికి తీయవచ్చు. ఉప్పునుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రాలు పెద్ద పూల్స్‌కు కలిసొస్తాయి గానీ, లక్ష లీటర్లకు మూడు నాలుగు వందల కిలోల ఉప్పు, కొన్నేళ్లకోసారి మార్చాల్సిన ఖరీదైన సెల్ లెక్కలో వేసుకోవాలి. వాటికీ ఎండ ఎండే, స్టెబిలైజర్ తప్పదు.

పూల్ మెయింటెనెన్స్ టెండరులో కిలో ధర అడిగే గడి తీసేసి, క్లోరిన్ కిలో ఎంత, నెలాఖరుకు సయనూరిక్ యాసిడ్ ఎంత అని రెండు గడులు పెడితే సగం కొటేషన్లు వాటంతటవే రాలిపోతాయి. క్లోరిన్, పీహెచ్ అంకెలు రాసే బోర్డు మీద మూడో అంకె కూడా రాయించాలి. డబ్బులు తీసుకుని పిల్లలకు ఈత నేర్పే మున్సిపల్ పూల్స్‌లో, స్పోర్ట్స్ అకాడమీల్లో అయితే అది రాయడం తప్పనిసరి చేసినా తప్పులేదు.

మే చివరికి అంకె ఎనభై తొంభై దగ్గరుంటే మాత్రం కంగారుపడి ట్యాంకర్లు పిలవాల్సిన పనిలేదు. టాబ్లెట్లు ఆపి, హైపో కాస్త ఎక్కువ మోతాదులో పోస్తూ మూడు వారాలు నెట్టుకొస్తే తొలకరి వస్తుంది. లక్ష లీటర్ల పూల్ మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే నాలుగువేల లీటర్ల పైచిలుకు, సుమారు ఒక ట్యాంకర్. పెద్ద వాన వచ్చే ప్రతిసారీ ముందు రోజు ఫిల్టర్ బాగా కడిగి, ఆ మేరకు పాత నీళ్లు కాలువలోకి వదిలి మట్టం దించుకుంటే అంకె వానవానకూ కొంత దిగుతుంది.